వెనక అద్దం పగిలింది... ముందుచూపు మిగిలింది!

సినిమాలో టాపు లేని కారు కనిపించిందంటే పాట వచ్చినట్టే! స్టీరింగు మీద హీరో చెయ్యి, గాలిలో హీరోయిన్ చెంగు... కెమెరాకి కప్పు అడ్డం ఉండదు, ముఖాల మీద వెలుతురు దండిగా పడుతుంది. పాత మద్రాసు స్టూడియోల్లో అయితే కారు కదలక్కర్లేదు కూడా. వెనక తెర మీద రోడ్డు పరుగెత్తుతుంది, పక్కనుంచి ఇద్దరు మనుషులు కారుని ఊపుతుంటారు, హాల్లో మనం ఈలలు వేస్తాం! అంతెందుకు, 1969 నాటి 'ఆరాధన'లో రాజేష్ ఖన్నా డార్జిలింగ్‌లో జీపు మీద పాడుతుంటే, రైలు కిటికీలో పుస్తకం చదువుతున్న షర్మిలా టాగూర్ షాట్లు బొంబాయి స్టూడియోలో తీసినవే.

బాగానే ఉంది. కానీ ఆ బండి వెనక కిటికీ పగిలితే ఎవరు కుట్టిస్తారు? బిల్లు ఎవరు కడతారు? ఆ రీలు ఏ సినిమాలోనూ చూపించరు. నేను ముదిగుబ్బలో చూశాను!

పాట అయిపోయింది... బిల్లు మొదలైంది

ముదిగుబ్బ అంటే అనంతపురం-కదిరి రోడ్డు మీది ఊరు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ధర్మవరం-పాకాల రైలు మార్గంలో స్టేషను కూడా ఉంది. చుట్టూ వేరుశనగ చేలు, వాన కోసం ఎదురుచూపు, ఆషాఢం గాలికి లేచే ఎర్రదుమ్ము. అలాంటి చోట నా మిత్రుడొకడు అప్పు చేసి గుడ్డటాపు జీపు కొన్నాడు. 2020 అక్టోబరు 2న మహీంద్రా వారి కొత్త థార్ వచ్చాక ఇలాంటి బండ్ల మోజు మన కుర్రాళ్ళలో ఎంత పెరిగిందో మీకు చెప్పక్కర్లేదు!

కంతు కట్టే తేదీ దగ్గర పడింది. ఆ వారంలోనే ఒక పెళ్ళి జంటకి ఫొటోల వాళ్ళు సినిమా ఫక్కీలో పాట తీస్తామంటూ వచ్చారు. రోజుకి మూడువేలు బాడుగ. మనవాడు తాళం చేతికిచ్చాడు. సాయంత్రం బండి తిరిగొచ్చేసరికి వెనక ప్లాస్టిక్ కిటికీ అడ్డంగా జానెడు చీలి ఉంది. లైటు స్టాండు కాలు దిగిందట!

టీ అంగడి దగ్గర సలహాలకి కరువుంటుందా?

"రాయి తగిలిందని రాయించుకో అన్నా! ఇన్సూరెన్సు వాళ్ళే ఇస్తారు" అన్నాడొకడు.

మిత్రుడు నా వైపు చూశాడు. "ఏమప్పా, అట్లే చేద్దామా? నెల కంతు కట్టల్ల గదా..."

విలన్ ఎక్కడో లేడు, పాలసీ కాగితంలోనే ఉన్నాడు

ఇద్దరం కూర్చుని పాలసీ చదివాం. ప్రైవేటు కారు పాలసీలో బండి వాడకానికి హద్దులుంటాయి. బాడుగకి తిప్పడం, సరుకులు మొయ్యడం, పందేలు... ఇవి చెల్లవు. స్నేహితుడికి ఊరికే ఇచ్చి ఉంటే, అతనికి లైసెన్సు ఉంటే, సంగతి వేరు. మూడువేలు పుచ్చుకున్నాక అది బాడుగే! నిజం చెబితే డబ్బు రాదు. అబద్ధం చెప్పి దొరికితే క్లెయిము పోతుంది, కేసు కూడా మెడకి చుట్టుకోవచ్చు. ఆ జంట పాట అప్పటికే ఊరందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. సాక్ష్యానికి అంతకన్నా ఏం కావాలి?

సరే, బాడుగ మాట పక్కన పెడదాం. నిజంగా రాయే తగిలిందనుకుందాం. అప్పుడైనా ఎంత వస్తుంది? లెక్క చూడండి.

మామూలు పాలసీలో గాజు అద్దానికి అరుగుదల కోత లేదు. కానీ ప్లాస్టిక్, రబ్బరు, నైలాను భాగాలకి సగానికి సగం కోత! గుడ్డటాపు కిటికీ చూడ్డానికి అద్దమే గానీ, అది ప్లాస్టిక్ షీటు అయితే సగం ధర మనదే. ఉదాహరణకి కిటికీ ఖరీదు 8,000, కూలి 2,000 అనుకోండి. కిటికీకి 4,000, కూలికి 2,000, వెరసి 6,000. ఇందులోంచి మనం తప్పనిసరిగా భరించాల్సిన వాటా తీసెయ్యాలి. 1500 సీసీ లోపు కార్లకి అది 1,000, పైబడితే 2,000. మనవాడి బండి పెద్దది. అంటే చేతికి వచ్చేది 4,000.

పోయేదో? ఏడాదిలో ఒక్క క్లెయిము కూడా లేకపోతే సొంత నష్టం ప్రీమియంలో 20 శాతం తగ్గిస్తారు. వరసగా రెండేళ్ళయితే 25, మూడేళ్ళకి 35, నాలుగేళ్ళకి 45, అయిదేళ్ళకి 50. మనవాడికి ఇది మూడో ఏడు. ఆ ప్రీమియం 14,000 అనుకుంటే 35 శాతం అంటే 4,900. నాలుగువేల కోసం నాలుగువేల తొమ్మిదివందలు వదులుకుని, మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడాలన్నమాట! అరుగుదల కోత లేని అదనపు పాలసీ కొన్నవాళ్ళకి ఈ లెక్క మారుతుంది. మీ కాగితం మీరు చదువుకోండి.

మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అబద్ధం చెప్పినా నష్టమేనా!" అని నవ్వాడు. నిజానికి ఆ నవ్వులో సగం ఏడుపే.

హీరో ఎంట్రీ: కుషన్ షాపు!

కదిరిలో సీటు కవర్లు కుట్టే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కుట్లు ఒక్కొక్కటే విప్పి, పాత షీటు ఊడదీసి, దాన్నే కొలతగా పరిచి, అదే మందం ఉన్న ఎండకి తట్టుకునే పారదర్శక షీటు కత్తిరించాడు. పాత కుట్టు రంధ్రాల వెంబడే కొత్త కుట్టు వేశాడు. కొత్త రంధ్రాలు పొడిస్తే టాపు గుడ్డ బలం పోతుందట. కుట్టు మీద నీళ్ళు దిగకుండా సీలెంటు రాశాడు. మొత్తం 2,800. ఆ రోజు పుచ్చుకున్న బాడుగలో మిగిలింది రెండువందలు!

"తుడిచేది నేర్చుకో నాయనా, కుట్టేది నేను చూసుకుంటా" అన్నాడాయన. ఆయన చెప్పిన పాఠం ఇదీ: దుమ్ము మీద పొడిగుడ్డ వేసి రుద్దకూడదు, మన ఎర్రదుమ్ము గరుకు కాగితంతో సమానం. ముందు నీళ్ళు పొయ్యాలి, తర్వాత మెత్తటి నూలుగుడ్డ. పెట్రోలు, థిన్నరు దగ్గరికి రానివ్వద్దు. టాపు మడిచేటప్పుడు కిటికీ మీద దుప్పటి ముక్క పరచాలి. చీలిక చిన్నదైతే రెండు వైపులా పారదర్శక టేపు వేసి షాపు దాకా రావచ్చు. ఎండకి పసుపెక్కి మసకబారితే మార్చెయ్యడమే. వెనక అద్దంలోంచి కనీసం 70 శాతం వెలుతురు పోవాలన్నది మోటారు వాహనాల నిబంధన.

ఈ బాధ మనకొక్కరికే కాదులెండి! 1989లో అమెరికాని ఊపేసిన మాజ్దా మియాటాకి కూడా వెనక జిప్పుతో ప్లాస్టిక్ కిటికీయే ఉండేది. 1998లో వచ్చిన రెండో తరం బండికి గాని గాజు పెట్టలేదు.

పోయిన నెల ఇంకో ఫొటో బృందం మిత్రుడింటికి వచ్చింది. ఈసారి అయిదువేలట! మనవాడు తాళం జేబులో వేసుకుని, "బాడుగ పర్మిటున్న బండి చూసుకోండన్నా" అన్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక నన్ను ఎక్కించుకుని కదిరి రోడ్డు మీద టాపు వేసే నడిపాడు.

కొత్త కిటికీలోంచి వెనక్కి చూశాను. దుమ్ము, దాని వెనక వేరుశనగ చేలు, ఆ వెనక ముదిగుబ్బ... అన్నీ స్పష్టంగా కనిపించాయి!