నిధుల బిల్లుకు తోకలు

రైడర్ అనే మాట మన ఇళ్లలో కొత్తది కాదు. జీవిత బీమా పాలసీతో పాటు ప్రమాద బీమా రైడర్ తీసుకుంటుంటాం. అది మనం అడిగి, ప్రీమియం కట్టి తీసుకునేది. అమెరికా చట్టసభలో రైడర్ తీరు వేరు. ప్రభుత్వ శాఖలకు డబ్బు మంజూరు చేసే బిల్లుకు, ఆ డబ్బుతో పనిలేని విధాన నిబంధనను తగిలించడాన్ని అక్కడ రైడర్ అంటారు.

అక్కడ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది. నిధులు మంజూరు కాకపోతే ఆఫీసులు మూతపడతాయి. అంటే నిధుల బిల్లు ఎలాగైనా గట్టెక్కాల్సిందే. విడిగా వస్తే నెగ్గని నిబంధన దాని తోక పట్టుకుని గట్టెక్కుతుంది. నచ్చని నిబంధన ఒక్కదాన్నే కొట్టేసే అధికారం అధ్యక్షుడికి లేదు. బిల్లును మొత్తంగా ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా తిప్పి పంపాలి.

1995 జులైలో క్లింటన్ సంతకం చేసిన బిల్లునే చూడండి. ఓక్లహోమా సిటీ పేలుడు తర్వాతి సహాయం, విపత్తు నిధులు, ఖర్చుల కోతలు అందులోని అసలు విషయాలు. వాటి మధ్య అడవి కలప అమ్మకం వచ్చి కూర్చుంది. కాలిన, పురుగు పట్టిన చెట్లను త్వరగా అమ్మాలన్నది పైకి చెప్పిన ఉద్దేశం. అలాంటి అమ్మకాలు పర్యావరణ చట్టాలకు లోబడి ఉన్నట్టే భావించాలని అందులో రాసుకున్నారు. ఓరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఆగిపోయిన పాత అడవుల అమ్మకాలకు కూడా దాంతో దారి దొరికింది. బాంబు దాడి బాధితుల సాయానికి కాదని ఎవరు ఓటేస్తారు?

అడ్డుకోవడం కూడా తేలిక కాదు. అదే ఏడాది డిసెంబరులో అడవులు, జాతీయ పార్కులు చూసే శాఖ నిధుల బిల్లును క్లింటన్ తిప్పి పంపారు. కారణాల్లో ఇలాంటి తోకలూ ఉన్నాయి. ఆ శీతాకాలంలో మొత్తం బడ్జెట్ తగాదా వల్ల ప్రభుత్వం 21 రోజులు స్తంభించింది, పార్కులు మూతపడ్డాయి. జీతం మీద బతికే ఇళ్లకు అదెంత భారమో మనకు వేరే చెప్పాలా?

2011లో మోంటానా, ఐడహోల తోడేళ్లను రక్షిత జాబితా నుంచి తీసేసిందీ ఒక నిధుల చట్టమే. పైగా కోర్టులు దాన్ని సమీక్షించకూడదన్నారు. తోడేళ్ల సంఖ్య సరిపోయిందో లేదో శాస్త్రజ్ఞులు తేల్చాలి. నా అభ్యంతరం అది కాదు. దాని మీద విడిగా చర్చ, విడిగా ఓటు లేకపోవడమే.

మన దేశంలో 2017 ఫైనాన్స్ చట్టం 19 ట్రిబ్యునళ్ల నియామక నిబంధనలు రాసే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. వాటిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది, మొండి బాకీల కోసం మనం వెళ్లే డీఆర్‌టీ కూడా ఉంది. ద్రవ్య బిల్లుగా వచ్చింది కాబట్టి రాజ్యసభకు సూచనలు చేయడమే తప్ప ఆపే అధికారం లేదు. సౌత్ ఇండియన్ బ్యాంకు ఒక కక్షిదారుగా ఉన్న కేసులో 2019 నవంబరు 13న సుప్రీంకోర్టు ఆ అధికారాన్ని నిలబెట్టినా, దాని కింద చేసిన నిబంధనలను కొట్టేసింది. అసలు అది ద్రవ్య బిల్లేనా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి పంపింది.