‘మినిమం వంద’ అంటున్నారా? ఎందుకో లెక్క తీయండి!

‘హండ్రెడ్ పీసులైతేనే వేస్తాం.. తక్కువైతే కుదరదు’. కాలేజీ ఫెస్ట్‌కి టీషర్టులు చేయించిన ప్రతి బ్యాచ్‌కీ ఈ మాట పరిచయమే. మనకు కావాల్సింది ముప్పై. వాళ్లేమో వందకు ఒక్కటి కూడా తగ్గరు. ఇక్కడ చాలామంది రెండే పనులు చేస్తారు. ‘సరేలే’ అని వందకీ డబ్బు కట్టేస్తారు. లేదంటే ఫోన్ పెట్టేసి ఇంకో షాపు వెతుక్కుంటారు. మూడో దారి కూడా ఉంది. ఆ ‘వంద’ ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం.

హోల్‌సేల్ వ్యాపారంలో దీన్ని మినిమం ఆర్డర్ క్వాంటిటీ, పొట్టిగా ఎంఓక్యూ అంటారు. ఒక ఆర్డర్‌లో ఇంతకంటే తక్కువైతే ఇవ్వలేనని అమ్మేవాళ్లు పెట్టుకునే గీత అన్నమాట. బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల్లో డజన్ల లెక్కన వినిపించేదీ, ఇండియామార్ట్, అలీబాబా లాంటి సైట్లలో ధర పక్కన కనిపించేదీ ఇదే. ఆన్‌లైన్‌లో సొంతంగా ఏదైనా అమ్ముదామనుకునేవాళ్లకి ఇది పెట్టుబడి ప్రశ్న. పర్చేజ్, సప్లయ్ చైన్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకి ఇంటర్వ్యూ ప్రశ్న. రెండు చోట్లా పనికొచ్చే లెక్క మాత్రం ఒకటే. అది ఇంటర్మీడియట్‌లో చదివిన సరళరేఖ సమీకరణమే!

గీత వెనకున్న ఖర్చు

ఎంఓక్యూ గాల్లోంచి పుట్టదు. సాధారణంగా నాలుగు కారణాల్లో ఏదో ఒకటి ఉంటుంది.

సెటప్ ఖర్చు: టీషర్టు మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయాలంటే డిజైన్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ తయారుచేయాలి. పది వేసినా, వెయ్యి వేసినా ఆ పని ఒకటే. ప్లాస్టిక్ వస్తువులకు అచ్చు, అట్టపెట్టెలకు ప్రింటింగ్ ప్లేటు కూడా ఇలాంటివే.

పైవాళ్ల ఎంఓక్యూ: తిరుప్పూర్‌లో టీషర్టులు కుట్టే యూనిట్ మీరడిగిన ప్రత్యేకమైన రంగు బట్టను అద్దకానికి పంపాలి. అద్దకం యంత్రం ఒక విడతలో ఇన్ని కిలోలని పడుతుంది. దాన్ని నింపకుండా నడిపితే నష్టం. అంటే కుట్టేవాళ్లు మీకు పెట్టిన షరతు, నిజానికి అద్దకంవాళ్లు వాళ్లకు పెట్టిన షరతే.

ప్యాకింగ్: ఈసీఈ వాళ్లకు ఇది బాగా తెలుస్తుంది. బోర్డు మీద అతికించే 0603 సైజు రెసిస్టర్లు సాధారణంగా 5,000 ఉన్న రీలుగా వస్తాయి. తక్కువ కావాలంటే రీలు నుంచి ముక్క కత్తిరించి ఇస్తారు, కానీ ఒక్కోదానికి ధర ఎక్కువ. రెడీమేడ్ దుస్తుల్లో ఎం, ఎల్, ఎక్స్ఎల్ కలిపి ‘సెట్టు’గా అమ్మేదీ ఇందుకే. సెట్టు విప్పితే అడిగే సైజులు పోయి, అడగని సైజులు షాపులో మిగిలిపోతాయి.

పని భారం: బిల్లు రాయడం, ప్యాక్ చేయడం, ట్రాన్స్‌పోర్ట్‌లో వేయడం.. అయిదు పీసులకైనా అయిదొందల పీసులకైనా దాదాపు అదే శ్రమ. అందుకే కొందరు సంఖ్యకు బదులు ‘కనీసం అయిదు వేల బిల్లు చేయాలి’ అంటారు.

రెండు కొటేషన్లు.. ఒక సరళరేఖ

ఇప్పుడు అసలు కిటుకు. ఏ షాపూ తన సెటప్ ఖర్చు ఎంతో నేరుగా చెప్పదు. కానీ రెండు వేర్వేరు సంఖ్యలకు ధర అడిగితే అది తనంతట తానే బయటపడుతుంది.

ఉదాహరణకు ఒక ప్రింటింగ్ యూనిట్ 50 టీషర్టులకు పీసు రూ.190, 100 టీషర్టులకు పీసు రూ.170 చెప్పిందనుకుందాం. మొత్తంగా చూస్తే 50కి రూ.9,500. వందకు రూ.17,000. అదనపు 50 పీసులకు అదనంగా అడిగింది రూ.7,500. అంటే ఒక్కో పీసు మీద పడేది రూ.150. ఆ లెక్కన 50 పీసులకు అయ్యేది రూ.7,500 మాత్రమే. మిగిలిన రూ.2,000 ఏమిటి? అదే ఎన్ని వేసినా మారని సెటప్ ఖర్చు. వై = ఎంఎక్స్ + సి అని చదువుకున్నాం కదా.. ఇక్కడ ఎం 150, సి 2,000.

వాళ్ల లాభం కూడా ఈ అంకెల్లోనే కలిసి ఉంటుంది కాబట్టి ఇది అంచనాయే. అయినా బేరానికి సరిపోతుంది. మీకు 30 కావాలంటే 2,000కు 4,500 కలిపి రూ.6,500. పీసుకు దాదాపు రూ.217. ‘అన్నా.. ముప్పై చాలు, పీసు 170కే ఇవ్వండి’ అని బతిమాలితే అవతలివాళ్లకు నష్టం, కాబట్టి ఒప్పుకోరు. అదే ‘స్క్రీన్ల ఖర్చు రెండు వేలు మేమే పెట్టుకుంటాం, పీసుకు 150 తీసుకోండి’ అంటే వాళ్లు పోగొట్టుకునేదేమీ లేదు. ఒప్పుకొనే అవకాశం ఎక్కువ. బేరమంటే గొంతు పెంచడం కాదు, ఎదుటివాళ్ల ఖర్చు తెలుసుకుని మాట్లాడటం.

ఇదే రేఖను ముందుకు పొడిగిస్తే ఇంకో విషయం తెలుస్తుంది. 10 పీసులైతే ఒక్కోటి రూ.350. 50 అయితే రూ.190. వందకు రూ.170. అయిదొందలకు రూ.154. పది నుంచి యాభైకి వెళ్తే పీసుకు రూ.160 తగ్గింది. వంద నుంచి అయిదొందలకు వెళ్తే తగ్గింది రూ.16 మాత్రమే. పెట్టుబడి మాత్రం రూ.17,000 నుంచి రూ.77,000కు ఎగబాకింది. ‘ఎక్కువ తీసుకో, చవగ్గా పడుతుంది’ అన్న మాట ఒక హద్దు దాటాక మనకంటే అమ్మేవాళ్లకే ఎక్కువ మేలు చేస్తుంది.

చవక సరుకు.. ఖరీదైన మిగులు

ఇంట్లో అడిగి తెచ్చిన డబ్బుతో మొదటి ఆర్డర్ పెట్టేవాళ్లు ఆగి చూసుకోవాల్సింది ఇక్కడే. ఫెస్ట్ పేరు, సంవత్సరం వేసిన టీషర్టు ఫెస్ట్ అయ్యాక ఎవరూ కొనరు. అలాంటి సరుకును రెండు దారుల్లో కొనొచ్చు అనుకుందాం. 40 పీసులు, ఒక్కోటి రూ.230. లేదా 100 పీసులు, ఒక్కోటి రూ.180. అమ్మే ధర రూ.300.

చిన్న ఆర్డర్‌కు పెట్టుబడి రూ.9,200. అన్నీ అమ్ముడైతే లాభం రూ.2,800. పెద్ద ఆర్డర్‌కు పెట్టుబడి రూ.18,000. అన్నీ పోతే లాభం రూ.12,000. చాలామంది ఈ పన్నెండు వేల దగ్గరే ఆగిపోతారు. కానీ పెద్ద ఆర్డర్‌లో పెట్టిన డబ్బు తిరిగి రావాలంటేనే 60 అమ్మాలి. 50 దగ్గర ఆగితే రూ.3,000 నష్టం. చిన్న ఆర్డర్ కంటే ఒక్క రూపాయి ఎక్కువ మిగలాలన్నా కనీసం 70 అమ్మాలి.

కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఏది చవక?’ కాదు. ‘డెబ్బై మంది పేర్లు ఇప్పుడే రాసి చూపించగలనా?’. చూపించగలిగితే వంద తీసుకోండి. లేకపోతే నలభై. అన్నిటికంటే మేలైనది ముందుగానే పేర్లు, సైజులు, డబ్బులు వసూలు చేసి ఆ తర్వాత ఆర్డర్ పెట్టడం.

ధర పోల్చేటప్పుడు రవాణా, జీఎస్టీ కూడా కలపండి. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే కట్టిన పన్నుకు ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. అది పూర్తిగా మీ ఖర్చే.

తగ్గించడానికి దారులు

* ప్రత్యేకమైన రంగు బదులు వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్న రంగు తీసుకోండి. అద్దకం షరతు అక్కడితో పోతుంది.
* డిజైన్‌లో రంగులు తగ్గించండి. నాలుగు స్క్రీన్ల చోట ఒకటే చాలు.
* ‘ఎంఓక్యూ 100’ అంటే మొత్తానికా, ఒక్కో డిజైన్‌కా, ఒక్కో రంగుకా అని ముందే అడగండి. మూడు రంగులు కావాలనుకుంటే వంద కాస్తా మూడొందలు అవుతుంది.
* పక్క కాలేజీతోనో, ఇంకో చిన్న అమ్మకందారుతోనో కలిసి ఒకే ఆర్డర్ పెట్టండి.
* ఏడాది పొడవునా అవసరమయ్యేదైతే మొత్తం సంఖ్యకు ధర మాట్లాడుకుని, సరుకు మాత్రం విడతలుగా పంపమనండి. డబ్బూ విడతలుగానే ఇవ్వొచ్చేమో అడగండి.
* కొద్ది పీసులే కావాలంటే డిజిటల్ ప్రింటింగ్, డీటీఎఫ్ లాంటి పద్ధతులున్నాయి. స్క్రీన్లు చేయనక్కర్లేదు కాబట్టి ఒక్క పీసైనా వేస్తారు. పీసు ధర మాత్రం ఎక్కువే.

ఇంకో జాగ్రత్త. తక్కువ ఎంఓక్యూ చూసి తెలియనివాళ్లకు పూర్తి అడ్వాన్స్ పంపొద్దు. మొదట శాంపిల్ తెప్పించుకోండి. వాళ్లిచ్చిన జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. పేరు, ఊరు సరిపోతున్నాయో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంటర్వ్యూలో అడిగితే..

పర్చేజ్ ఎగ్జిక్యూటివ్, వెండర్ డెవలప్‌మెంట్ ఇంజినీర్, ఇన్వెంటరీ ప్లానర్ లాంటి కొలువులకు వెళ్లేవాళ్లు ఈ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి: ‘మనకు అవసరమైనదానికంటే సరఫరాదారు ఎంఓక్యూ ఎక్కువగా ఉంది. ఏం చేస్తావు?’. ‘బేరమాడతాను’ అన్న ఒక్క ముక్కతో మార్కులు పడవు. లెక్క చూపించాలి.

మెకానికల్, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ వాళ్లు చదివే ఈఓక్యూ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. 1913లో అమెరికాకు చెందిన ఫోర్డ్ విట్‌మన్ హారిస్ దీన్ని ప్రచురించారు. ఏడాది అవసరాన్ని, ఒక్కో ఆర్డర్‌కయ్యే ఖర్చును, రెండును గుణించి, ఒక పీసును ఏడాది నిల్వ ఉంచే ఖర్చుతో భాగించి వర్గమూలం తీస్తే ఒక విడతలో ఎంత కొంటే మేలో వస్తుంది.

ఏడాదికి 1,200 పీసులు కావాలి, ఆర్డర్ పెట్టిన ప్రతిసారీ రూ.500 ఖర్చు, పీసు నిల్వకు ఏడాదికి రూ.30 అనుకోండి. ఈఓక్యూ 200 వస్తుంది. ఏడాదికి ఆరు ఆర్డర్లకు రూ.3,000. సగటున 100 పీసులు నిల్వ ఉంటాయి కాబట్టి దానికి రూ.3,000. మొత్తం రూ.6,000. సరఫరాదారు మాత్రం 500కు తగ్గనన్నారు. అప్పుడు ఆర్డర్ల ఖర్చు రూ.1,200కు తగ్గినా, నిల్వ ఖర్చు రూ.7,500కు పెరుగుతుంది. మొత్తం రూ.8,700. అంటే ఏడాదికి రూ.2,700 అదనం. దాన్ని 1,200 పీసులతో భాగిస్తే రూ.2.25.

ఇక జవాబు సిద్ధం: ‘500 కొన్నందుకు పీసుకు రెండుంపావలా కంటే ఎక్కువ తగ్గిస్తే ఒప్పుకుంటాను. తగ్గించకపోతే విడతల డెలివరీ అడుగుతాను. అదీ కుదరకపోతే ఇంకో సరఫరాదారును చూస్తాను’. ఇలా అంకెతో చెప్పే అభ్యర్థి తేలిగ్గా గుర్తుండిపోతాడు. సరుకు పాడైపోయేదా, మోడల్ మారితే పనికిరాకుండా పోయేదా అన్నది కూడా చూస్తానని కలిపితే ఇంకా మంచిది.

సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకీ ఇది అక్కరకొస్తుంది. శాప్‌లో మెటీరియల్ వివరాలు నింపేటప్పుడు ‘మినిమం లాట్ సైజ్’, ‘రౌండింగ్ వాల్యూ’ అనే గడులు కనిపిస్తాయి. అవి ఎందుకున్నాయో ఇప్పుడు మీకు తెలుసు. శాప్ అందుబాటులో లేకపోతే ఓపెన్ సోర్స్‌లో దొరికే ఈఆర్‌పీనెక్స్ట్‌ను సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఒక వస్తువుకు కనీస ఆర్డర్ సంఖ్య ఇచ్చి చూడండి. రెజ్యూమెలో ‘ఇన్వెంటరీ మీద అవగాహన ఉంది’ అని రాయడం కంటే ఇలా చేసి చూసింది చెప్పడం మేలు.

ఈ వారం ఒక చిన్న పని పెట్టుకోండి. టీషర్టులు, నోట్‌బుక్కులు, ఐడీ కార్డుల ట్యాగులు.. ఏదో ఒక వస్తువు ఎంచుకుని మూడు షాపుల్లో 50కి, 100కి, 500కి ధర అడగండి. తొమ్మిది అంకెలు చేతికొస్తాయి. ఎక్సెల్‌లో వేసి రేఖలు గీయండి. ఏ షాపు సెటప్ ఖర్చు ఎక్కువ వేస్తోందో, ఏ షాపు పీసు మీద ఎక్కువ వేస్తోందో కనిపిస్తుంది. చిన్న ఆర్డర్‌కు ఎవరి దగ్గరికెళ్లాలో, పెద్ద ఆర్డర్‌కు ఎవరి దగ్గరికెళ్లాలో అప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు.