రంపపు గొలుసుకు పదును: ఏ కర్రకు ఏ కోణం?

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరిలో మొదలైంది. ఉక్కు పనికని వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలెన్నో. వారిలో ఇత్తడికో కోణం, ఉక్కుకో కోణం చూసుకుని లేత్ టూలుకు సానపట్టిన అనుభవం ఉన్నవారికి చెయిన్‌సా గొలుసు పదును సులువుగానే పట్టుబడుతుంది. లోహం సంగతిలాగే కర్ర సంగతీ. వానలకు ముందు ఎండుకొమ్మలు కొట్టించే రోజుల్లో ఎదురయ్యే ప్రశ్నలకు సమాధానాలు చూద్దాం.

గొలుసు మొద్దుబారిందని ఎలా తెలుస్తుంది?

రాలే పొట్టు చూడండి. పదునున్న పన్ను చెక్క పెచ్చులు రాలుస్తుంది, మొద్దుబారినది పిండిలాంటి పొట్టు రాలుస్తుంది. పదునుంటే రంపం తనంతట తానే కర్రలోకి దిగుతుంది. చేత్తో అదమాల్సి వచ్చిందంటే పని ఆపండి. అలా అదిమితే మనిషి అలిసిపోతాడు, గొలుసు తిరిగే బార్ వేడెక్కుతుంది, పట్టు తప్పే ప్రమాదం పెరుగుతుంది.

పన్ను కర్రను ఎలా కోస్తుంది?

1946లో అమెరికాలోని ఆరెగన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కలప కార్మికుడు మొద్దును తొలిచే ఒక పురుగు లార్వాను గమనించాడు. దాని దవడలు కుడికీ ఎడమకూ కోసుకుంటూ పోతున్నాయి. మరుసటి ఏడాది ఆయన తెచ్చిన గొలుసుకు అదే ఆధారం. ఇవాళ్టి గొలుసులోనూ ఒక పన్ను కుడివైపు, తర్వాతిది ఎడమవైపు ఉంటాయి. ముందుగా పంటి మూల నారను తెంపుతుంది, వెనకే పైఅంచు పెచ్చును లేపుతుంది. అందుకే పదునంతా ఆ మూలలో ఉండాలి.

30 డిగ్రీలా, 25 డిగ్రీలా?

బార్‌కు అడ్డంగా, లంబకోణంలో గీసిన గీతను సున్నా అనుకోండి. పైఅంచు దానినుంచి ఎంత వాలిందో అదే కోణం. సాధారణ అడ్డకోతకు 30 డిగ్రీలు. కోణం పెరిగేకొద్దీ అంచు పలచబడి చురుగ్గా కోస్తుంది, అంతే త్వరగా అరిగిపోతుంది. తురాయి వంటి మెత్తటి కొమ్మలకు 30 బాగుంటుంది. ఎండిన నల్లతుమ్మ వంటి గట్టి కర్రకు 25 దగ్గర ఉంచితే అంచు ఎక్కువసేపు నిలుస్తుంది. దుంగను పొడవునా చీల్చి పలకలు తీసే గొలుసుకు 10 డిగ్రీలు వాడతారు. అయినా కంపెనీ తన గొలుసుకు చెప్పిన కోణమే మొదటి ప్రమాణం. టేకులో ఇసుక జాతి సిలికా ఉంటుంది కనుక ఏ కోణం పెట్టినా తరచూ పదును పెట్టక తప్పదు.

ఏ ఆకురాయి?

గుండ్రటిదే, అదీ గొలుసు పిచ్‌కు, అంటే లింకుల మధ్య దూరానికి, తగినదే. చిన్న రంపాల మీద కనిపించే 3/8 లో-ప్రొఫైల్ గొలుసుకు 4 మిల్లీమీటర్లది, .325 గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది సాధారణం. లావుదైతే అంచు మొండిగా, సన్నదైతే కొక్కెంలా వస్తుంది. ఆకురాయి మందంలో ఐదోవంతు పంటి పైఅంచుకన్నా ఎత్తులో ఉండాలి.

ఎలా రుద్దాలి?

ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయండి. బ్యాటరీ రంపమైతే బ్యాటరీ తీసేయండి. చేతులకు గ్లవ్స్ ఉండాలి. బార్‌ను బెంచి వైస్‌లో బిగించండి. పంటి లోపలి నుంచి బయటికి నెట్టండి. వెనక్కి తెచ్చేటప్పుడు ఆకురాయిని ఎత్తండి, ఎందుకంటే అది నెట్టినప్పుడే కోస్తుంది. అన్నిటికన్నా అరిగిన పన్ను ముందు చేసి, తక్కినవన్నీ దాని పొడవుకు తీసుకురండి. ఒక వైపు పళ్ళన్నీ అయ్యాకే రెండో వైపుకు వెళ్ళండి. పంటి పైన పలచటి క్రోమియం పూత ఉంటుంది. రాయి, మేకు తగిలి అది చెడిపోయినచోట, చెడిన భాగమంతా పోయేదాకా రుద్దాలి. లేకుంటే పదును నిలవదు.

పదును పెట్టినా ఎందుకు కోయదు?

పంటి ముందున్న చిన్న గుబ్బ, డెప్త్ గేజ్, ఎత్తుగా ఉండి ఉంటుంది. పన్ను అరిగేకొద్దీ దాని ఎత్తూ తగ్గుతుంది కదా, గుబ్బ మాత్రం అలాగే ఉంటుంది. చాలా గొలుసుల్లో గుబ్బ పంటికన్నా సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. గేజ్ పట్టీతో చూసి, చదును ఆకురాయితో కొద్దికొద్దిగా తగ్గించండి. మరీ తగ్గితే పన్ను కర్రను గట్టిగా పట్టేస్తుంది, రంపం ఎగదన్నుతుంది.

కోత ఒక పక్కకు ఎందుకు వంగుతుంది?

రెండు వైపుల పళ్ళ పొడవో కోణమో సమానంగా లేకపోతే. అసలు కీలకం ఇదే. 27 డిగ్రీలు వచ్చినా పర్వాలేదు, అన్ని పళ్ళకూ అదే 27 రావాలి. పెట్రోలు నింపే ప్రతిసారీ రెండు మూడు సార్లు ఆకురాయి ఆడిస్తే ఆ సమానత్వం చెదరదు, గొలుసు కూడా ఎక్కువకాలం మన్నుతుంది. పంటి మీద అరుగుదల గీత ఉంటుంది. పన్ను దాన్ని చేరాక ఎంత పదునున్నా ఆ గొలుసును తీసేయాలి. ఆ పళ్ళు విరిగిపోతే రంపం పట్టినవాడికీ, పక్కనున్నవాడికీ దెబ్బే.