విజయ్ కుమార్ గారి పద్ధతి మన దివిసీమ నేలకి కుదురుతుందా?

రైతు సాధికార సంస్థ 2014లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టింది. దాన్ని నడిపించిన టి. విజయ్ కుమార్ గారు ఐఏఎస్. అంతకుముందు సెర్ప్‌లో ఉండగానే మహిళా సంఘాలతో పురుగుమందుల్లేని సాగు చేయించారు. అందుకే ప్రకృతి వ్యవసాయంలోనూ ఆఫీసర్ల కంటే సంఘాల్నీ, తోటి రైతునీ ఎక్కువ నమ్మారు. 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. నాకైతే బహుమతి కంటే పీఎండీఎస్సే గొప్ప.

గుడివాడ వైపు మినుము తీశాక, కాలువ నీళ్లొచ్చేలోపు పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి, దమ్ములో కలియదున్నితే సరి. బందరు, దివిసీమ శివారు భూముల్లో అంత సులువు కాదు. వేసవిలో నేల ఖాళీగా ఎండితే ఉప్పు పైకి తేలుతుంది. కాబట్టి ముందు గడ్డి కప్పండి, ఆవిరి తగ్గుతుంది. నవధాన్యాల్లో జీలుగ పాలు పెంచండి, అది ఉప్పుని తట్టుకుంటుంది. విత్తనానికి బీజామృతం, మట్టి, బూడిద పట్టించే విధానం వీడియోలో చూడండి.