మీకు తెలుసా? వెనిస్‌లో అడ్రసు చేతిలో ఉన్నా ఇల్లు దొరకదు!

ఇటలీలోని వెనిస్ పాతనగరంలోకి కార్లు, బస్సులు రావు. అవి ఊరి అంచున ఉన్న పియాత్సాలే రోమా అనే కూడలి దగ్గరే ఆగిపోతాయి. సైకిలు తొక్కడం కూడా నిషేధమే. పడవ ఎక్కకపోతే ఇక నడకే!

అసలు తిరకాసంతా ఇంటి నంబర్లలో ఉంది. పాతనగరంలో ఆరు పేటలున్నాయి. నంబర్లు వీధివారీగా కాకుండా పేట మొత్తానికీ ఒకే వరుసలో సాగుతాయి. కాస్తెల్లో పేటలో అవి 6,000 దాటాయి. చిరునామాలో చాలాసార్లు పేట పేరు, నంబరు మాత్రమే ఉంటాయి. ఒంటరిగా వెళ్లేవారు బస చేసే చోటు ఏ వీధిలో ఉందో, దగ్గర్లో ఏ వంతెన ఉందో ముందే అడిగి రాసుకోవాలి.

దారి తప్పితే గోడల మీది పసుపు పలకలు చూడండి. ‘రియాల్తో’, ‘సాన్ మార్కో’ లాంటి ముఖ్యమైన చోట్ల పేర్లతో బాణం గుర్తులుంటాయి. ఒక్కోచోట ఒకే పేరుకు అటూ ఇటూ రెండు బాణాలుంటాయి. కంగారొద్దు, రెండు దారులూ అక్కడికే చేరుస్తాయి.

ఊరి మధ్యలో సాగే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ మీద ఉన్నవి నాలుగే వంతెనలు. 1591లో పూర్తయిన రియాల్తో వాటిలో పాతది. 1854 దాకా ఆ ఒక్కటే దిక్కు. నాలుగోది 2008లో వచ్చింది.

గొండోలా విహారానికి మనిషికింతని కాదు, పడవకింతని తీసుకుంటారు. ఒక్కరే ఎక్కినా మొత్తం కట్టాల్సిందే. జేబుకు చిల్లెందుకు? గ్రాండ్ కెనాల్‌ను అడ్డంగా దాటించే ‘త్రగెత్తో’ ఎక్కండి. అదీ గొండోలాయే, ఖర్చు మాత్రం కొద్ది యూరోలే.