గడియారం కింద 1930

ఆదివారం సాయంత్రాలు నేను హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ గడియారం కింద ఉంటాను. 1935 నాటి ఈ రాతి కట్టడానికి ఏడో నిజాం రెండో కొడుకు పేరు పెట్టారు. ఐస్‌క్రీమ్ కోసం వచ్చే పెద్దవాళ్ల ఫోన్లలో సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930 నంబరు ఎక్కించడమే నా పని.

బ్యాంకులో ముప్పై ఏళ్లు చేశాను. దొంగ చేతిలో పడ్డ డబ్బు ఎంత వేగంగా ఖాతాలు మారుతుందో నాకు తెలుసు. ఇప్పుడు కొన్ని సెకన్ల మాట దొరికితే చాలు, కృత్రిమ మేధ మనవడి గొంతుతోనే ఏడుస్తుంది. మా అక్కకు అలాగే వచ్చింది ఫోను: "అమ్మమ్మా, యాక్సిడెంటైంది, పోలీసులు పట్టుకున్నరు." రెండు లక్షలు పంపింది. సిగ్గుతో రెండు రోజులు నోరు విప్పలేదు. వెంటనే 1930కి చెప్పుంటే, డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంటే, బ్యాంకు దాన్ని కదలకుండా ఆపగలిగేది.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో మోసగాళ్లు బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. ఇదీ చెబుతాను.

అన్నదానానికీ ఇస్తాను. కానీ ఈ పనికి మనిషికి ఐదు నిమిషాలు చాలు, రూపాయి ఖర్చు లేదు, కాపాడేదేమో ఒక్కోసారి జీవితకాలపు పొదుపు. ఈ లెక్క నన్ను ఇంట్లో కూర్చోనివ్వదు.

"ఇంట్లోవాళ్లకే తెలిసిన గుర్తుమాట ఒకటి పెట్టుకో అవ్వా" అన్నాను మొన్న, మనవడితో వచ్చిన ఒక ముసలామెతో. ఆమె కాసేపు ఆలోచించి, ఊళ్లో అమ్మేసిన బర్రె పేరును మనవడి చెవిలో చెప్పింది.