బోధనుకు మొరం బాటన

పిల్లలూ, నిజామాబాదు నుంచి బోధను పాతిక కిలోమీటర్ల పైచిలుకు. చలికాలంలో ఒక ఆదివారం, పెద్దవాళ్ళ నెవరినైనా వెంటబెట్టుకుని తెల్లవారగానే సైకిళ్ళ మీద బయలుదేరండి. తారు రోడ్డు వదిలి మొరం బాట పట్టండి. (వానాకాలం మాత్రం వద్దు. నల్లరేగడి చక్రాలకు పట్టుకుంటే సైకిలే మిమ్మల్ని ఎక్కి కూర్చుంటుంది!)

మొరం మీద సైకిలు ఎగిరెగిరి పడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు దిగి, టైర్లలో కాస్త గాలి తగ్గించండి. మెత్తబడిన టైరు గులకరాయి మీద ఒదిగిపోతుంది. గట్టి టైరయితే ప్రతి రాయికీ సైకిలూ, మీరూ కూడా పైకి లేవవలసిందే. గాలి టైరుకు 1888లో పేటెంటు పొందిన డన్‌లప్ బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు. కొడుకు మూడుచక్రాల బండి కోసమే ఆయన దాన్ని చేశాడు. అయితే గాలి మరీ తీస్తే రాయికీ, చక్రానికీ మధ్య ట్యూబు నలిగి చిల్లిపడుతుంది. పంపు మరవకండి.

దారిలో కనబడే కాలువల నీరు నిజాంసాగర్‌ది. మంజీర మీద ఆ ఆనకట్ట 1931లో పూర్తయింది. ఆ నీటితోనే ఇక్కడ చెరకు పెరిగింది. నరికిన చెరకు నిలవవుంటే చక్కెర తగ్గిపోతుంది. అందుకే 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ పొలాల మధ్యనే, బోధను శక్కర్‌నగర్‌లో వెలిసింది. 2015 డిసెంబరులో అది మూతపడింది. ఇప్పుడు చెరకు దూరపు మిల్లులకు పోవాలి. చాలామంది వరి వేసుకున్నారు.

గట్టు మీద ఎవరైనా ముసలి రైతు కనబడితే, "చెరకు ఎందుకు మానేశారు, తాతా?" అని అడిగి చూడండి. తొందరపడి లేవకండి, ఆయన చెప్పేది చాలా వుంటుంది.

పొద్దు వాలకముందే తిరగండి. తారు రోడ్డెక్కేముందు మళ్ళీ గాలి కొట్టుకోండి.